దృశ్యానికి శబ్దం తోడు: ఉధ్నా తెలుగువారి చిత్రస్మృతులు

సూరత్ నగరానికి దక్షిణ భాగాన ఉన్న ఉధ్నా, గుజరాత్ పారిశ్రామిక పటంలో సుప్రసిద్ధమైన పేరు. పశ్చిమ తీరాన బొంబాయి నుంచి బరోడాకు సాగే ప్రధాన రైలుమార్గానికీ, తపతీ లోయ మార్గానికీ ఇది కూడలి. పందొమ్మిదవ శతాబ్దం చివర నిర్మితమైన తపతీ లోయ మార్గం ఇక్కడ విడివడి, ఖాందేశ్ గుండా జలగాం చేరుతుంది. అహ్మదాబాదు, చెన్నై నగరాల నడుమ నడిచే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ దారినే భుసావల్, వార్ధా, బల్లార్షా మీదుగా వరంగల్లు చేరుతుంది. తెలంగాణ నేతపనివారికీ సూరత్ మరమగ్గాలకూ మధ్య ఉన్న బంధంలో ఈ రైలుమార్గానికి గణనీయమైన పాత్ర ఉంది.

చేతిమగ్గం బతుకు గడవని కాలంలో వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు షోలాపూరుకు, భివండికి, బొంబాయికి, సూరత్‌కు తరలిపోయాయి. మొదట పురుషులు, తరువాత కుటుంబాలు, ఆ వెనుక బంధువులు వచ్చి ఉధ్నా, లింబాయత్, పర్వత్ పాటియా పరిసరాలలో స్థిరపడ్డారు. కులగురువు మార్కండేయ మహర్షి ఆరాధనను, బతుకమ్మ పండుగను, పెండ్లి తంతులను తమ వెంట తెచ్చుకున్నారు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక వ్యవస్థ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలను కూడా నడుపుతూ వచ్చింది. పరదేశంలో భాష నిలవడానికి బడి ఒక ఆధారమైతే, పాట మరొక ఆధారం. అయితే పాట కాగితంపైకి ఎక్కదు. అది గొంతులో ఉంటుంది, చేతి చప్పట్లలో ఉంటుంది, పాడేవారి చుట్టూ తిరిగే అడుగులలో ఉంటుంది. దానిని భద్రపరచాలంటే రూపాన్నీ శబ్దాన్నీ ఒకే ముడిలో బిగించగల సాధనం కావాలి. వీడియో ఆ సాధనాన్ని సామాన్యుల చేతికి అందించింది. ఆ సాధనం ఎంత ఇచ్చింది, ఎంత తీసుకుపోయింది అన్నది విచారించదగిన విషయం.

తొలి ముడి

చలనచిత్రం పుట్టిన నాటి నుంచి దృశ్యమూ శబ్దమూ వేరువేరు దారుల్లో నడిచాయి. 1927 అక్టోబరు 6న న్యూయార్కులో ప్రదర్శితమైన 'ది జాజ్ సింగర్' చిత్రంలో ధ్వని గ్రామఫోను వంటి పళ్ళెంపై ఉండేది. ఫిల్మును కత్తిరించి అతికించవచ్చు. పళ్ళెంపై గీసిన ధ్వనిని కత్తిరించడం సాధ్యం కాదు. అందుచేత తొలి వాక్చిత్ర నిర్మాతలు ఒక ఉపాయం పన్నారు. దృశ్యం మొదలైంది లగాయతు ముగిసేదాకా ధ్వనిని ఎడతెగకుండా నమోదు చేసేవారు. అదే సమయంలో రెండు మూడు కెమెరాలను, వాటి రొద మైకుకు వినిపించకుండా శబ్దనిరోధక గదులలో ఉంచి, వేరువేరు కోణాల నుంచి ఒకేసారి నడిపేవారు. కెమెరాల మోటార్లూ ధ్వనియంత్రపు మోటారూ విద్యుత్ బంధంతో ఒకే వేగాన తిరిగేవి. పిమ్మట కూర్పరి ఆ అఖండ ధ్వనికి అనుగుణంగా ఒక కెమెరా దృశ్యం నుంచి మరొక కెమెరా దృశ్యానికి మారేవాడు. ధ్వని స్థిరం, దృశ్యం చరం. బహు కెమెరాల కూర్పునకు మూలసూత్రం నేటికీ ఇదే.

తెలుగు మాట తెరపై వినిపించిన కథ కూడా ఈ పశ్చిమ తీరానిదే. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైన అర్దేషిర్ ఇరానీ 'ఆలం ఆరా' చిత్రానికి టానార్ యంత్రాన్ని వినియోగించారు. అందులో దృశ్యమూ ధ్వనీ ఒకే ఫిల్ముపై ఒకేసారి ముద్రితమయ్యేవి. స్టూడియో రైలు పట్టాలకు చేరువలో ఉండడంతో రైళ్ళ రొద తగ్గిన రాత్రివేళల్లోనే చాలా భాగం చిత్రీకరించవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 31న విడుదలైన 'కాళిదాస్'లో తమిళంతో పాటు తెలుగు పలుకులూ వినిపించాయి. 1932 ఫిబ్రవరి 6న సంపూర్ణ తెలుగు వాక్చిత్రం 'భక్త ప్రహ్లాద' వచ్చింది. ఈ రెండింటికీ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. సురభి రంగస్థల సంప్రదాయం నుంచి వచ్చిన కమలాబాయి 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర ధరించారు. ఆ విధంగా తెలుగు రూపమూ తెలుగు శబ్దమూ తెరపై ముడిపడింది తెలుగునేలపై కాదు, సూరత్ మీదుగా సాగే రైలుమార్గపు దక్షిణాగ్రాన ఉన్న బొంబాయి మహానగరంలో.

ఒకే ఫిల్ముపై రెండింటినీ ముద్రించే పద్ధతిలో ఒక చిక్కు ఉంది. దృశ్యం కటకం ఎదుట ఆగి ఆగి కదలాలి. ధ్వనిభాగం నిరాటంకంగా సాగాలి. అందువల్ల ఒకే క్షణానికి చెందిన చిత్రమూ ధ్వనీ ఫిల్ముపై పక్కపక్కన ఉండవు. దాదాపు 20 చట్రాల ఎడముంటుంది. దృశ్యం చూసి కత్తెర వేస్తే మరో క్షణపు మాట తెగుతుంది. ఈ చిక్కు తొలగించడానికే ధ్వనిని వేరు ఫిల్ముపై నమోదు చేసే పద్ధతి స్థిరపడింది. రెండు ఫిల్ములను తిరిగి జత కలపడానికి ఒక గుర్తు కావాలి. అందుకు పుట్టినదే క్లాప్ పలక. పలక పైచెక్క కిందిచెక్కను తాకిన చట్రమూ, 'టప్'మన్న శబ్దమూ ఒకే గీతపైకి తెస్తే తక్కినదంతా దానంతట అదే సరిపోతుంది.

1951లో అమెరికా టెలివిజన్ ధారావాహిక 'ఐ లవ్ లూసీ' కోసం ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ ప్రేక్షకుల సమక్షంలో మూడు 35 మిల్లీమీటర్ల కెమెరాలను ఏకకాలంలో నడిపే పద్ధతిని తీర్చిదిద్దాడు. మూడు దృశ్యాలనూ ఒక ధ్వనితో జతపరచి చూపే మూవియోలా యంత్రం కూర్పు గదికి చేరింది. అదే దశకంలో స్టెఫాన్ కుదెల్స్కీ రూపొందించిన నాగ్రా టేపు రికార్డరు ధ్వనిగ్రహణాన్ని భుజాన మోయదగిన పనిగా మార్చింది. 1967లో కాలసంకేత పద్ధతి వచ్చింది. గంట, నిమిషం, సెకను, చట్రం అనే నాలుగు అంకెలతో ప్రతి చట్రానికీ ఒక చిరునామా ఏర్పడింది. అన్ని యంత్రాలూ ఒకే గడియారం ప్రకారం నడిస్తే క్లాప్ పలకతో పనిలేకుండానే జత కుదురుతుంది.

గుజరాత్ నేల, తెలుగు ధ్వని

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ఈ చరిత్రలో మరువరాని ఘట్టం. అమెరికాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలను ఉపగ్రహానికి పంపిన ప్రధాన భూకేంద్రం అహ్మదాబాదులో ఉంది. ఈ ప్రయోగంలో ఒక దృశ్యానికి రెండు ధ్వని మార్గాలు ఉండేవి. ఆంధ్ర, కర్ణాటక గ్రామాల వారు ఒకే బొమ్మను చూస్తూ, ఒకరు తెలుగులో, మరొకరు కన్నడంలో వినగలిగారు. పెదవుల కదలిక ఏదో ఒక భాషకే సరిపోతుంది కనుక, వ్యాఖ్యాన రూపంలో సాగే కార్యక్రమాలకు ఈ ఏర్పాటు సహజంగా అనువైనది. శబ్దాన్ని దృశ్యం నుంచి విడదీసి వేరొక శబ్దాన్ని జతపరచడం వల్ల కలిగే లాభమేమిటో ఈ ప్రయోగం చూపింది. దాని వల్ల కలిగే నష్టమేమిటో తరువాతి దశకపు పెండ్లి వీడియోలు చూపాయి.

క్యాసెట్ కాలం

1976లో జపానులో విడుదలైన వీహెచ్ఎస్ క్యాసెట్, ఎనభయ్యవ దశకానికి మన పట్టణాల మధ్యతరగతి వేడుకలలోకి ప్రవేశించింది. వలస కుటుంబాలకు ఇది వినోదం మాత్రమే కాదు. ఒక ఉత్తరం వంటిది. సెలవు దొరకక, రైలు ఖర్చు భరించలేక పెండ్లికి రాలేని పెద్దలకు క్యాసెట్ ద్వారానే ఆ శుభకార్యం కనిపించేది.

నాటి కూర్పు పద్ధతి నేరుగా ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి నకలు తీయడం. రెండు కెమెరాలతో తీసినప్పుడు, మిక్సరు బల్ల ఉంటే ముహూర్తం జరుగుతుండగానే మీట నొక్కి దృశ్యం మార్చేవారు. అది లేనప్పుడు రెండు టేపులనూ చేతితో ముందుకూ వెనుకకూ తిప్పి, కంటి అంచనాతో అతికేవారు. సామాన్యుల యంత్రాలలో కాలసంకేతం ఉండేది కాదు. నకలు తీసిన ప్రతిసారీ బొమ్మ మసకబారేది. మాటకూ పెదవికీ పొత్తు కుదరని చోటల్లా అసలు శబ్దాన్ని తొలగించి, సినిమా పాటనో సన్నాయి రికార్డునో పరచడం సులభమైన పరిష్కారంగా మారింది. చూసేవారికి అది ఇంపుగానే తోచింది.

ఆ సౌలభ్యానికి చెల్లించిన మూల్యం తరువాతి తరానికి తెలిసింది. తలంబ్రాల వేళ ముత్తయిదువలు పాడిన పాటలు, అప్పగింతల నాటి తల్లి మాటలు, పురోహితుని ప్రవరలో వినిపించిన గోత్రనామాలు, వంటపందిరి దగ్గర బంధువుల పలకరింపులలోని ఊరి యాస, ఇవన్నీ కెమెరా మైకులో పడ్డాయి, కూర్పుబల్లపై చెరిగిపోయాయి. మనిషి రూపం మిగిలింది, గొంతు పోయింది. మూలపు టేపులపై తిరిగి మరో పెండ్లి తీయడం అప్పటి వృత్తిలో మామూలే గనుక, పోయిన గొంతును తిరిగి రాబట్టే మార్గం లేదు.

2006 ఆగస్టులో తపతీ వరద సూరత్ నగరంలో అధికభాగాన్ని ముంచెత్తింది. తేమకు, ధూళికి, బూజుకు అయస్కాంత టేపు తాళలేదు. దానికి తోడు, ప్రపంచంలో వీహెచ్ఎస్ యంత్రాల తయారీ 2016తో నిలిచిపోయింది. క్యాసెట్ క్షేమంగా ఉన్నా దానిని తిప్పే యంత్రం కరవైన స్థితి వచ్చింది. యునెస్కో, అంతర్జాతీయ ధ్వని, దృశ్యశ్రవణ భాండాగారాల సంఘంతో కలిసి 2019లో అయస్కాంత టేపుల విషయమై ప్రపంచానికి హెచ్చరిక చేయడానికి కారణం ఇదే.

చప్పట్ల లెక్క

సంఖ్యారూప వీడియో కూర్పు విధానాన్నే మార్చివేసింది. 1989లో ఎవిడ్, 1991లో ఎడోబ్ ప్రీమియర్, 1999లో ఫైనల్ కట్ ప్రో వెలువడ్డాయి. టేపును తిప్పే పని తప్పింది. ఏ క్షణాన్నైనా తెరపై పిలిచి చూడవచ్చు. తరువాతి దశాబ్దంలో అనేక కెమెరాల దృశ్యాలను ఒకేసారి చూస్తూ కూర్చే సదుపాయం, ధ్వనితరంగాల పోలికను బట్టి వాటిని కంప్యూటరే జతపరిచే సదుపాయం సాధారణమయ్యాయి. ఒక కెమెరా ధ్వనిరేఖను మరొకదానిపై జరుపుతూ, రెండూ అధికంగా ఏకీభవించే స్థానాన్ని గణించడమే ఇందులోని కీలకం. ప్రతి కెమెరాలోనూ, ఎంత నాసిరకమైనా సరే, కొంత ధ్వని నమోదై ఉండడం దీనికి ముఖ్యమైన నియమం.

బతుకమ్మ వంటి పండుగ విషయంలో ఈ గణితం ఒక విచిత్రమైన పరీక్షకు గురవుతుంది. తంగేడు, గునుగు పూలను పేర్చిన బతుకమ్మ చుట్టూ స్త్రీలు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడతారు. ఒకామె పాట ఎత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. ప్రతి చప్పట్టూ ఒక క్లాప్ పలక వంటిదే. జతపరచడానికి ఇంతకన్న స్పష్టమైన గుర్తు ఉండదని తోస్తుంది. కాని ఆ చప్పట్లన్నీ సమానమైన ఎడంతో, సమానమైన శబ్దంతో వస్తాయి. యంత్రం ఒక చప్పట్టు ముందుకో వెనుకకో పొరబడినా చేతుల కదలికకు శబ్దం సరిపోయినట్లే కనబడుతుంది. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక మాటలు సైతం సరిపోయినట్లే వినబడతాయి. పాట ఎత్తుకున్న స్త్రీ పెదవులను పరిశీలించినప్పుడే పొరపాటు బయటపడుతుంది. అందుచేత అనుభవజ్ఞుడైన కూర్పరి పునరావృతం కాని శబ్దం కోసం వెదుకుతాడు. పసిబిడ్డ ఏడుపు, పళ్ళెం జారిన చప్పుడు, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచిన కేక, ఇటువంటివే ఆధారాలు.

దూరం మరొక సమస్య. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. మన దేశపు వీడియో పద్ధతిలో సెకనుకు 25 చట్రాలు. ఒక్కొక్క చట్రానికి 40 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో ధ్వని సాగే దూరం 13 మీటర్ల పైచిలుకు. అంటే వలయానికి 27 మీటర్ల దూరాన మేడపై నిలిపిన కెమెరాకు చప్పట్టు కనిపించిన రెండు చట్రాల తరువాత వినిపిస్తుంది. ధ్వనిరేఖలను అచ్చంగా ఏకం చేస్తే, ఆ కెమెరా దృశ్యం రెండు చట్రాలు ముందుకు జరిగి, చేతులు కలవడం శబ్దానికన్న ముందే కనిపిస్తుంది. కూర్పరి దానిని తిరిగి సవరించాలి. శబ్దం కాస్త ఆలస్యమైతే మానవ మనస్సు సహిస్తుంది. ముందే వినిపిస్తే సహించదు. 1998 నాటి అంతర్జాతీయ ప్రసార ప్రమాణం ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుంటే లోపం పసిగట్టవచ్చు. వెనుకబడినప్పుడు 125 మిల్లీసెకన్ల వరకు అది స్ఫురించదు. మెరుపు తరువాతే ఉరుము వినే లోకానుభవం ఇందుకు కారణమని భావించవచ్చు.

గడియారాల తేడా మూడవది. ప్రతి యంత్రంలోనూ స్ఫటికాధారితమైన సొంత గడియారం ఉంటుంది. రెండింటి మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా, గంట గడిచేసరికి 72 మిల్లీసెకన్లు, అంటే దాదాపు రెండు చట్రాల ఎడం ఏర్పడుతుంది. ఆరంభంలో కుదిరిన పొత్తు సద్దుల బతుకమ్మ సాగనంపే వేళకు చెదిరిపోతుంది. కాబట్టి ఆదిలోనూ అంతంలోనూ రెండు గుర్తులు చూసుకుని, మధ్యలో సవరణ చేయవలసి ఉంటుంది.

ఇరుగుపొరుగు పండుగలు

సూరత్‌లో ఈ పని మరింత సున్నితమైనది. బతుకమ్మ తొమ్మిది దినాలు చాలావరకు గుజరాతీయుల నవరాత్రితో కలిసి వస్తాయి. దీపమున్న కుండ చుట్టూ వలయంగా తిరుగుతూ చప్పట్లతో సాగే గర్బా, పూలగోపురం చుట్టూ సాగే బతుకమ్మ, ఈ రెంటి పోలిక గమనింపదగినది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. 2023లో యునెస్కో గర్బాను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. రెండూ స్త్రీల సామూహిక కళలే. రెండింటిలోనూ కేంద్రం దేవతది, పరిధి మనుషులది.

అయితే ధ్వనివర్ధకంపై సాగే గర్బా గీతం పక్కవీధి బతుకమ్మ పాటపై పడినప్పుడు బలహీనమైన గొంతు మునిగిపోతుంది. కెమెరా మైకు దూరానున్న హోరునే ఎక్కువగా గ్రహిస్తుంది. పాడే స్త్రీకి మూరెడు దూరాన ఒక చిన్న రికార్డరు ఉంటే పాట దక్కుతుంది. కెమెరాల ధ్వనిని జతపరచడానికి మాత్రమే వాడుకుని, చివరికి ఆ సమీప ధ్వనినే ఆధారంగా నిలపడం ఉత్తమమైన పద్ధతి. 1928లో హాలీవుడ్ నేర్చుకున్న పాఠమే ఇది. ధ్వనిని అఖండంగా ఉంచి, దృశ్యాన్ని దాని వెంట నడిపించాలి.

ఈ నియమం సాంకేతికం మాత్రమే కాదు. బతుకమ్మ పాటలలో చాలావరకు కథాగేయాలు. ఒక్కొక్క చరణంలో కథ ఒక్కొక్క అడుగు వేస్తుంది. దృశ్యం విసుగు పుట్టించకూడదని నాలుగు చరణాలు కత్తిరిస్తే బొమ్మకు నష్టం లేదు. కథకు మధ్యలో గండి పడుతుంది. వలస వచ్చిన మొదటి తరం స్త్రీలకు ఆ పాటలు కంఠస్థం. సూరత్‌లో పుట్టి, గుజరాతీలోనో ఆంగ్లంలోనో చదివిన మనుమరాళ్ళు వలయంలో అడుగు కలుపుతారు, పల్లవి అందుకుంటారు. చరణం ఎత్తుకోవడం అందరికీ సాధ్యం కాదు. తెగిన చరణాన్ని వారు మరెక్కడ వెదకాలి? కెమెరా ఎవరి ముఖంపై నిలవాలన్న నిర్ణయం కూడా ఇటువంటిదే. కొత్త చీరలనూ పూల రంగులనూ ఎన్ని కోణాల నుంచైనా చూపవచ్చు. కాని చరణం మారే చోట పాట ఎత్తుకున్న వృద్ధురాలి పెదవులు తెరపై కనబడకపోతే, ఆ మాటలను నేర్చుకునేవారికి సగం ఆధారం పోయినట్లే.

భద్రపరచవలసినది

పూణేలో 1964లో నెలకొన్న జాతీయ చలనచిత్ర భాండాగారం మన సినిమాలను కాపాడుతోంది. 1980లో కదిలే చిత్రాల పరిరక్షణకు యునెస్కో ఆమోదించిన సిఫారసు జ్ఞాపకార్థం 2005 నుంచి అక్టోబరు 27ను ప్రపంచ దృశ్యశ్రవణ వారసత్వ దినంగా నిర్ణయించారు. కుటుంబాల పెట్టెల్లోని క్యాసెట్లకు, వీధి స్టూడియోల కంప్యూటర్లలోని మూల దృశ్యాలకు ఇటువంటి ఆశ్రయం లేదు. అవి చిత్రకళాఖండాలు కావు గనుక వాటిపై ఎవరి దృష్టీ పడలేదు. కాని ఒక భాషాసమాజం సొంతనేలకు దూరంగా ఎలా పలికింది, ఎలా పాడింది అన్నది తెలిపే సాక్ష్యం వాటిలోనే ఉంది.

చేయవలసిన పని పెద్దది కాదు. మొదటిది, పాత క్యాసెట్లను యంత్రం దొరికినంత కాలంలోనే సంఖ్యారూపంలోకి మార్చడం; అందులోనూ కూర్చిన ప్రతికన్న ముందు కూర్చని మూలాన్ని వెదకడం. రెండవది, కొత్తగా తీసేవారు కూర్పు పూర్తయిన వెంటనే మూలదృశ్యాలను, ముఖ్యంగా అఖండ ధ్వనిని, చెరిపివేయకుండా ఉంచడం. మూడవది, పాడినవారి పేరు, వారి సొంత ఊరు, తేదీ ఒక చీటీపై రాసి వాటితో జతపరచడం. కాలసంకేతం చట్రానికి చిరునామా ఇస్తుంది. పాటకు చిరునామా ఇవ్వవలసింది మనుషులే. సాంస్కృతిక శాఖలు, విశ్వవిద్యాలయాల జానపద విభాగాలు, సూరత్‌లోని తెలుగు సంఘాలు కలిసి పూనుకుంటే ఇది సాధ్యమే.

నేతపనివారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పడుగు తెగకుండా ఉంటేనే పేక ఎన్ని రంగులైనా మార్చుకోగలదు. కూర్పులో ధ్వని పడుగు, దృశ్యం పేక. ఉధ్నా మరమగ్గాల హోరులో ఎదుటి మనిషి మాటే వినబడదు. ఆ హోరు మధ్య పనిచేసిన కుటుంబాలు ఏడాదికి తొమ్మిది సాయంత్రాలు గొంతు విప్పి పాడుకున్న పాటను, బొమ్మతో పాటు మాట కూడా పోకుండా, రాబోయే తరానికి అప్పగించడం ఈ తరం బాధ్యత.